మూడు సర్వర్లు కలిసేదాకా

సునామీ వచ్చిన మరుసటి ఏడాది వానల్లో మా పాస్టరుగారు పోర్ట్ బ్లెయిర్లో బతు బస్తీలోని మా ఇంటికి మూడోసారి వచ్చారు. ఎందుకొచ్చారో తెలుసు కాబట్టి కుర్చీ వేశాను గానీ టీ పెట్టలేదు. అక్కకి జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకుందామని ఆయన మాట. అక్క కార్ నికోబార్‌లో టీచరు. క్రిస్మస్‌కి పిల్లల చేత పాటలు పాడించాలని ఆ సెలవులకి ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయింది. పండగ మర్నాడు పొద్దున సముద్రం వచ్చింది. ఆ తర్వాత అక్కను చూసినవాళ్ళు లేరు. అక్క శవాన్ని చూసినవాళ్ళూ లేరు.

"ఎన్నాళ్ళమ్మా ఇలాగ? సంఘంలో అందరూ అడుగుతున్నారు," అన్నారాయన.

"ఆఫీసులో జాబితాలన్నీ ఒకచోటికి వస్తున్నాయండి. అవి కలిశాక ఒక్కసారి వెతుకుతాను. అప్పటికీ లేకపోతే మీరు చెప్పినట్టే చేద్దాం," అన్నాను. నాకు ముక్కు మీదే కోపం. గొంతు లేచిపోయింది. ఆయన పాపం తల వంచుకుని చిన్న ప్రార్థన చేసి, గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయారు.

ఆయన్ని వదిలించుకోవడానికి అన్న మాట కాదది. అప్పట్లో నేను ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేసేదాన్ని. శిబిరాల్లో ఉన్నవాళ్ళ జాబితా ఒక ఆఫీసులో, ఆసుపత్రుల్లో చేరినవాళ్ళది ఇంకొక ఆఫీసులో, ఓడల్లో దిగినవాళ్ళది జెట్టీలో, కనబడనివాళ్ళది మరెక్కడో. ఎవరి కంప్యూటర్లో వాళ్ళు ఎక్కించుకున్నారు. ఒకచోట ఉన్న మనిషి సంగతి ఇంకోచోట తెలియదు. ఇవన్నీ ఒకే డేటాబేసులోకి తేవాలని మాకు మూడు సర్వర్లు పంపారు. ఆ మూడింటినీ క్లస్టర్‌గా కట్టాలి. అంటే మూడు యంత్రాలూ కలిసి ఒకే డేటాబేసును నడుపుతాయి, ఒకటి మూలబడినా మిగతా రెండూ పని ఆపవు. అది కట్టడానికి విశాఖపట్నం నుంచి ఇంజనీరు రావాలి. అక్కడ భూమి ఇంకా ఊగుతోందట, వెళ్ళొద్దు అని వాళ్ళమ్మ అడ్డం పడిందట. నేను ఫోన్లో చెప్తాను, మీరే చేసెయ్యండి అన్నాడు.

మా ఆఫీసరు హిందీ ఆయన. "బేటీ, తూ కర్ లేగీ?" అని అనుమానంగా అడిగాడు. చేస్తానన్నాను. ఆ ఆఫీసులో నాకున్నంత తొందర ఇంకెవరికీ లేదు.

సర్వర్ గది అంటే చెప్పుకోవడానికేమీ లేదు. చలి, ఫ్యాన్ల హోరు, ఒక కుర్చీ, నేను. మధ్యాహ్నం డబ్బా కూడా అక్కడే తినేదాన్ని. బయట తింటే ఎవరో ఒకరు "కుఛ్ ఖబర్ మిలా?" అని అక్క గురించి అడుగుతారు. అలా అడిగినవాళ్ళని కసురుకోవడం, తర్వాత వాళ్ళు పలకరించడం మానేశారని బాధపడటం, రెండూ నేనే.

అమ్మానాన్నా ముందే పోయారు. ఇంట్లో అక్కా నేనే. గడప దాటితే హిందీ, గడప లోపల తెలుగు. అక్క పోస్టింగు మీద వెళ్ళాక కూడా వారానికి రెండుసార్లు ఫోన్లో ఆ తెలుగు ఉండేది. ఇప్పుడు ఆదివారం చర్చిలో తప్ప తెలుగులో నన్ను పలకరించే మనిషి లేదు. అందుకని ఆ ఇంజనీరు ఫోన్ చేస్తే చాలు, నాకు జవాబు తెలిసినవి కూడా అడిగేదాన్ని.

"నెక్స్ట్ నొక్కమంటారా?"

"నొక్కండి మేడమ్."

"నొక్కాక?"

"ఏదో అడుగుతాది. చదివి చెప్పండి."

అతను విసుక్కున్నా వినడానికి బాగానే ఉండేది. ఫోను పెట్టేశాక సిగ్గేసేది.

మౌసుతో నొక్కుకుంటూ పోయే ఇన్‌స్టాలర్ అది. మొదటి సర్వర్లో తెరిచి, మిగతా రెండింటి పేర్లూ ఇవ్వాలి. అది వాటితో మాట్లాడి చూసుకుంటుంది. బాగుంటే పచ్చ టిక్కు, లేకపోతే ఎర్ర గుర్తు. మూడో సర్వర్ గడియారం మిగతా వాటికంటే వెనకబడి ఉందని మొదటిరోజంతా ఎర్ర గుర్తే. అది సరిచేశాక సాఫ్ట్‌వేరు ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ అవడం మొదలైంది. సగం దాటిందో లేదో నేల కదిలింది. ఆఫీసంతా బయటికి పరుగెత్తింది. "దీదీ, బాహర్ ఆవో" అని గుమస్తా తలుపు దగ్గర నిలబడి పిలిచాడు. నేను లేవలేదు. ధైర్యమనుకోకండి. నువ్వు బయటపడ్డావా అని అడిగే మనిషి లేనప్పుడు పరుగెత్తడానికి కూడా బద్ధకమేస్తుంది. తెర మీద గీత కాసేపు ఆగి మళ్ళీ నడిచింది. నాకు అదొక్కటే పట్టింది.

అంతా అయిందనుకున్నాక చివర్లో ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. ఈ ఆదేశాల స్క్రిప్టును ఒక్కో సర్వర్లో వరసగా నడపండి, ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి, మూడూ అయ్యాక వచ్చి ఓకే నొక్కండి అని. మొదటిదాంట్లో నడిపాను. పది నిమిషాలు చూశాను, పావుగంట చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్ళు మండింది. ఎనిమిది నెలలు ఆగినదాన్ని ఇంకా ఆగమంటే నా వల్ల కాలేదు. రెండోదాంట్లోనూ మూడోదాంట్లోనూ కూడా నడిపేశాను. అంతే, ఒకదాన్ని ఒకటి గుర్తుపట్టలేనని మూడూ మొరాయించాయి. చేసిన పనంతా పాడైంది.

"వరసగా చెయ్యమని రాసుంది కదండీ," అన్నాడు ఇంజనీరు.

"చదివాను."

"మరి?"

"ఆగలేకపోయాను."

"దేనికండీ అంత తొందర మీకు?" అన్నాడు. అక్క కోసమని చెప్పాను. అన్నీ చెప్పాను. ఆ తర్వాత అతను ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ప్రతిదానికీ మెత్తగా జవాబిచ్చాడు. అదే నాకు కష్టంగా అనిపించింది. తెలిసినవి అడగడం మానేశాను.

పాత ఫైళ్ళు తుడిచి, డిస్కులు ఖాళీ చేసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేసరికి రెండు రోజులు పట్టింది. ఈసారి మొదటి సర్వర్ అయిందని చెప్పేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను. తర్వాత రెండోది, తర్వాత మూడోది. మూడూ కలిశాయి. ఆఫీసరు మిఠాయి తెప్పించి అందరికీ పంచాడు. తర్వాతి వారమంతా సీడీల్లో జాబితాలు వస్తూనే ఉన్నాయి, నేను ఎక్కిస్తూనే ఉన్నాను. ఆఖరి సీడీ ఎక్కేదాకా అక్క పేరు కొట్టి చూడలేదు. ఓపిక వచ్చిందనుకునేరు. భయం.

శనివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక కొట్టాను. మూడు వరసలు వచ్చాయి.

కుర్చీలోంచి లేచిపోయాను. పోర్ట్ బ్లెయిర్ జాబితాలో ఒకటి, చెన్నైదాంట్లో ఒకటి, ఉత్తరాన మాయాబందర్ దాంట్లో ఒకటి. వయసు అదే, ఉద్యోగం అదే, ఊరు కార్ నికోబారే. మూడు చోట్ల అక్కను చూసినవాళ్ళున్నారు అనుకున్నాను. ఏ ఓడ దొరికితే ఆ ఓడ ఎక్కేద్దామనుకున్నాను. కళ్ళు తుడుచుకుని తెరను పక్కకి జరిపితే చివరి గడి కనబడింది. సమాచారం ఇచ్చినవారు అన్న గడి. మూడింటిలోనూ నా పేరే ఉంది.

పోర్ట్ బ్లెయిర్‌ది సముద్రం వచ్చిన మొదటి వారంలో జెట్టీలో నేను రాయించింది. చెన్నైది అక్కడి ఆసుపత్రికి నేను పంపిన కాగితం. మాయాబందర్‌లో ఎవరో టీచరమ్మ దిగిందని విని ఒకసారి రోజంతా బస్సులో పోయాను. ఆమె వేరే మనిషి. వెళ్ళినందుకు అక్కడా ఒక దరఖాస్తు రాయించి వచ్చాను. నేను ఇచ్చినవే తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చాయి.

ఒక మనిషికి ఒక్క వరసే ఉండాలని నియమం పెట్టింది నేనే. సోమవారం దాకా వదిలేస్తే ఇంకెవరో తీసేస్తారు. కూర్చుని మూడూ చదివాను. పోర్ట్ బ్లెయిర్ వరసలో గుర్తుల గడిలో మోచేతి మీద మచ్చ అని ఉంది. చెన్నైదాంట్లో ఎత్తు, ఛాయ. మాయాబందర్ గుమస్తా శ్రీకాకుళం వైపు మనిషి. "ఇంకేటైనా గుర్తుందేటమ్మా, బాగా ఆలోచించు," అని అడిగి, నేను ఏడుస్తూ చెప్పింది కూడా ఎక్కించుకున్నాడు. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది అని. దాన్ని ఉంచి మిగతా రెండూ తీసేశాను.

తర్వాత పాస్టరుగారికి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం ప్రార్థన పెట్టండి అన్నాను.

"అన్నిచోట్లా చూసుకున్నావా అమ్మా?" అన్నారు.

"చూశానండి," అన్నాను. "నేను తప్ప ఎవరూ లేరు."