ఇంజన్ ఆపించే మా ఈలత్తయ్య

మా మేనత్త కళ్లెదుట ఏ బండీ ఇంజన్ ఆపకుండా నిలబడకూడదు. నిలబడిందా, మెడలో వేలాడే ఈల ఆవిడ నోట్లోకి వెళ్లిపోతుంది. ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం వదిలింది గానీ ఈల వదల్లేదు. వీధి మొత్తానికి ఆవిడ ఈలత్తయ్య.

ఒకసారి పోలీసు జీపు మీద ఊదింది. అందులోంచి ఇన్‌స్పెక్టరు గబుక్కున దిగి అటెన్షన్‌లో నిలబడి, ఎందుకు నిలబడ్డాడో తెలియక బుర్ర గోక్కున్నాడు. ఇంకోసారి మా ఆయన నన్ను ఎక్కించుకోవడానికి వచ్చి, స్కూటర్ ఇంజన్ ఆపకుండా గేటు దగ్గర నిలబడ్డాడు. ఈల వినగానే కంగారులో ఇంజన్ ఆపి, హెల్మెట్ కూడా తీసి చేతులు కట్టుకున్నాడు పాపం.

"అత్తా, ఆయన నీ అల్లుడే!" అన్నాను.

"అల్లుడి బండి సెంటు వదుల్తుందా?" అంది.

ఆవిడతో వీధిలోకి వెళ్లాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. కూరగాయలు కొనే లోపల నాలుగు తగాదాలయ్యేవి.

మా అపార్ట్‌మెంట్ గోడ పక్కనే బడి. రెండు పూటలా బడి వ్యాన్లు మా గేటు ముందే బారులు తీరి గుర్రుమంటూ పొగ కక్కేవి. గేటు పక్కన ఒక చిన్న గది, అందులో వాచ్‌మన్ కుటుంబం. వాళ్లకున్న ఒకే ఒక్క కిటికీ సరిగ్గా ఆ పొగగొట్టాల ఎదురుగా ఉంది. వాళ్ల రెండేళ్ల పాపకి ఆ చలికాలం రెండుసార్లు జలుబు చేసింది. రెండుసార్లూ డొక్కలెగరేస్తుంటే ఆసుపత్రికి పరిగెత్తి ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది.

రెండోసారి అత్తయ్యే వెళ్లి డాక్టరుగారిని నిలదీసింది. "మా మేనకోడలి పిల్లలకీ అదే జలుబు వచ్చింది. మూడ్రోజుల్లో గెంతులేశారు. దీనికెందుకిలా?"

"జలుబు తెచ్చేది వైరసేనమ్మా, పొగ కాదు" అన్నాడాయన. "కానీ రోజూ పొగ పీల్చే పిల్లలకి ఊపిరి గొట్టాల్లో ముందే వాపు ఉండొచ్చు. అప్పుడు అదే జలుబు ముదిరే అవకాశం ఎక్కువ. ఈ పాపకి అదొక్కటే కారణమని గట్టిగా చెప్పలేను. పొగ తగ్గించగలిగితే మాత్రం తగ్గించండి."

"తగ్గించగలిగితే ఏమిటి డాక్టరుగారూ! తగ్గిస్తా!"

మర్నాటి నుంచి గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. వ్యాన్ వచ్చి ఆగితే చాలు, ఈల!

"ఆపితే మళ్లీ స్టార్టవదు మేడమ్, బ్యాటరీ అయిపోయింది" అని మొత్తుకున్నాడు ఒక ముసలి డ్రైవరు.

"అవకపోతే నేను తోస్తా!"

నిజంగానే తోసింది. అరవై నాలుగేళ్ల మనిషి కొంగు బిగించి, "ఒకటీ... రెండూ... తొయ్!" అంటూ. ఆఫీసుకి వెళ్తున్న నన్నూ లాగింది. ఆ వారమంతా ఇస్త్రీ చీర కట్టుకుని వ్యాన్లు తోసి, చెమటలు కక్కుకుంటూ ఆఫీసుకెళ్లాను.

ఈల మోతకి చెవులు చిల్లులు పడుతున్నాయని కొందరు ఫిర్యాదు చేశారు. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ఆదివారం పొద్దున్నే కింద హాల్లో మీటింగు పెట్టి, అత్తయ్య ముందు బల్ల మీద ఖాళీ పళ్లెం పెట్టించారు.

"టీచరుగారూ, ఈల ఇందులో వేసేయండి."

"వెయ్యను."

"ఊరంతా పొగే కదమ్మా. మీ ఒక్కరి ఈలతో పోతుందా?"

"ఊరి సంగతి తర్వాత చూస్తా. ముందు ఆ కిటికీ ఎదుట పొగ పోవాలి. నేను ఈల ఆపి, ఆ పాప మళ్లీ ఆసుపత్రి మంచమెక్కితే మీరొచ్చి పక్కన కూర్చుంటారా?"

ఎప్పుడూ సిగ్గుతో తలదించుకునే నాకు, మొదటిసారి ఆవిడ పక్కన నిలబడాలనిపించి లేచి నిలబడ్డాను.

ప్రెసిడెంటుగారు ఆ ముసలి డ్రైవరుని సాక్ష్యానికి పిలిచారు. "ఈవిడ మిమ్మల్ని ఎంత పీడించిందో చెప్పవయ్యా."

"పీడించింది నిజమేనండీ" అన్నాడతను నేల చూస్తూ. "మొన్న నా బండికీ, మొరాయించే ఇంకో రెండు బండ్లకీ ఈవిడే కొత్త బ్యాటరీలు వేయించింది. ఎవరికైనా చెబితే చెవిలో ఊదుతానంది. ఇప్పుడు తాళం తిప్పితే చాలు, కదుల్తున్నాయి. ఇంక ఆపడానికి మాకేం నొప్పండీ?"

"అత్తా! కొత్త ఫ్రిజ్ కొంటానని దాచుకున్నావే, ఆ డబ్బు?"

"పాతది బాగానే ఏడుస్తోందిలే, కూర్చో."

అప్పటికీ బయట ప్రెసిడెంటుగారి కారు గుర్రుమంటూనే ఉంది. ఆయన ఎక్కేసరికి చల్లగా ఉండాలని డ్రైవరు ఏసీ వేసి ఉంచాడు.

అంతలో ఈల!

అందరం అత్తయ్య వైపు చూశాం. ఆవిడ ఈల మెడలోనే ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ భార్య పాపని చంకనేసుకుని, నోట్లో ఈలతో నిలబడింది. వెనక వాళ్ల కిటికీ బార్లా తెరిచి ఉంది. కారు ఇంజన్ ఆగింది. ప్రెసిడెంటుగారు పళ్లెం తీసి బల్ల కింద పెట్టేశారు.

"ఊదడానికి ఆ అమ్మాయికి ఊపిరి చాలడం లేదు, రేపు నేర్పాలి" అని గొణిగి, అత్తయ్య కొంగు ముడి విప్పి నా చేతిలోనూ కొత్త ఈల ఒకటి పెట్టింది.

మీటింగయ్యాక మా ఆయన నాకోసం వచ్చాడు. స్కూటర్ ఇంజన్ ఆపలేదు. నేను గట్టిగా ఊపిరి పీల్చి ఊదాను. పాపం, హెల్మెట్ తీసి చేతులు కట్టుకున్నాడు.