పీతల పిట్టలూ, నేనన్న ‘క్లియర్’

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాకు కోతలు కోసే అలవాటుంది. పద్దెనిమిదేళ్ల ఫౌజు కొలువులో నా రైఫిలుకు తుప్పు పట్టిందేమోగానీ నోటికి పట్టలేదు.

పోస్టింగు ఫిలింనగర్ వెనక చెరువు. ఉదయం ఆరూ ఇరవైకి రిపోర్టు చేశాను. యుద్ధం సినిమా షూటింగు. మాజీ హవల్దారునని పేలుళ్ల భద్రత నాకప్పగించారు. ఆయుధాలు: వాకీటాకీ ఒకటి, ఈల ఒకటి, గొడుగు ఒకటి. గొడుగు మొదటి గంటలోనే వీరమరణం పొందింది. బంగాళాఖాతంలో తుఫాను. ఇక్కడ వాన అడ్డంగా కురుస్తోంది. సియాచిన్‌లో కూడా నా పళ్లు అంతగా టకటకలాడలేదు.

డ్యూటీ ఒక్కటే. పేలుడుకు ముందు గట్టంతా తిరిగి, ప్రాణి ఏదీ లేదని చూసుకుని వాకీటాకీలో “క్లియర్” అనాలి. ఆ మాట వినందే మందుగుండు మాస్టరు మీట నొక్కడు. హీరోగారి నాన్నగారు చెప్పినా నొక్కడు.

రెండో రోజు, మధ్యాహ్నం రెండూ పది. బురద ఒడ్డున పదకొండు పక్షులు. తెల్లటి ఒళ్లు, నల్లటి వీపు, పొడుగు కాళ్లు, కొడవలంత ముక్కు. అన్నీ గాలికి ఎదురు తిరిగి వరసగా నిలబడ్డాయి. మా ప్లటూన్ ఏనాడూ అంత తిన్నగా నిలబడలేదు. పక్కనే రెయిన్‌కోటులో ఒక పెద్దావిడ, చేతిలో దుర్భిణి. వెంగళరావు నగర్ నుంచి పక్షుల కోసం వచ్చిన రిటైర్డు టీచరు.

“పీతలు తినే పక్షులండీ ఇవి,” అంది గుసగుసగా. “సముద్రం ఒడ్డు వదిలి రావు. బందరులో నా చిన్నప్పుడు ఒక్కసారి చూశాను. తుఫాను ఈడ్చుకొచ్చింది, పాపం.”

“గట్టి సిపాయిల్లా ఉన్నాయి టీచర్‌గారూ.”

“సిపాయిలా, నా మొహమా! రెక్కెత్తే ఓపిక లేదు వాటికి. ఇప్పుడు లేపారంటే ఈ గాలికి నీళ్లలో పడి చస్తాయండీ. వాన తగ్గేదాకా కాస్త చూసుకుంటారా?”

“నా ప్రాణం అడ్డేస్తాను,” అన్నాను. నమ్మేసి ఆటో ఎక్కింది.

మూడూ నలభై. వాకీటాకీలో ప్రొడక్షన్ మేనేజరు. బోరబండ మనిషి.

“హవల్దార్ సాబ్, ఏందింకా? మబ్బు గిట్లున్నప్పుడే షాట్ గావాల్నంటుండు డైరెక్టరు.”

“పది నిమిషాలు ఆగండి. ఒడ్డున పక్షులున్నాయి.”

“పక్షులా! బాంబుల నడుమ అన్నం తిన్న అని రోజూ జెప్తవ్. గిప్పుడు పిట్టలకు భయపడ్తున్నవా? జల్ది క్లియర్ గొట్టు!”

“క్లియర్,” అన్నాను.

నిప్పు తాటిచెట్టంత లేచింది. పక్షులూ లేచాయి. ఎనిమిది పొగ దాటాయి. మూడు నీళ్లలో పడ్డాయి. షాట్ ఓకే. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కూడా.

మూడో రోజు టీచర్‌గారు నాకోసం ఫ్లాస్కులో టీ తెచ్చింది.

“ఎగిరిపోయాయాండీ?”

“ఎగిరిపోయాయండీ.”

ఆ టీ తాగాను. సాయంత్రం ఐదున్నరకు డ్యూటీ దిగి శ్రీనగర్ కాలనీలో ఇంటికి చేరాను. మా ఆవిడ తువ్వాలు ఇచ్చింది. తల తుడుచుకుంటున్నా అదే కనిపించింది. ఇప్పటికీ కనిపిస్తుంది. నీళ్లలో పడ్డవాటిలో ఒకటి రెక్కల్ని తెడ్లలా వేసుకుంటూ ఒడ్డుకు రాబోయింది. ఒడ్డంతా వదిలి, సరిగ్గా నేను నిలబడ్డ వైపుకే.

కొడవలంత ముక్కు, తాటిచెట్టంత నిప్పు నా నోటి తీట. వాటిని కల్పన కింద లెక్కేయకండి. పైన చెప్పినదాంట్లో నేను కల్పించింది వేరే. నేను పది నిమిషాలు అడగలేదు. మేనేజరు నన్ను వెక్కిరించనూ లేదు. “అంతా ఓకేనా సాబ్?” అని మెల్లగానే అడిగాడు. మంచివాడు. అడిగితే ఆగేవాడు. అన్ని బాంబుల కథలు చెప్పిన నోటితో, యూనిట్ అందరూ వింటుండగా, పిట్టల కోసం ఆగమనడానికి నాకే సిగ్గేసింది.