నీలవేణి కీ

ముడిమ్యాల నుంచి రెండు బస్సులు మారి అజీజ్‌నగర్ వచ్చే నీలవేణి మా సర్వర్లు చూసేది. ఫామ్‌హౌస్‌ను అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టుకున్న రోజులవి, 2007. ఏది చెడినా ఆమె ముందు లాగు చదివేది, అంటే సర్వరు తనకు తాను రాసుకునే దినచర్య. అది చదవకుండా ఒక్క మాటా అనేది కాదు. మేనేజరు ఈశ్వరరావుకి ఆమె మాటతీరంటే చులకన. ఆయన ఎగతాళి చేస్తే నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

మేము చూసే సర్వర్లలో ఒకటి చేవెళ్లలో ఒక డెయిరీ ఆఫీసులో ఉండేది. దూరం నుంచి పాస్‌వర్డుతో వెళ్లడం కుదరదు. ఖాతా అందరిదీ ఒకటే, తాళంచెవిలా పనిచేసే కీ ఫైలు మాత్రం ఎవరిది వారిదే; సర్వరులోని జాబితాలో ఒక్కో కీకి ఒక్కో వరుస ఉండేది. ఒక శుక్రవారం ఉదయం సర్వరు ఎవరి కీనీ ఒప్పుకోలేదు.

“కీలన్నీ పీకేసింది నువ్వే కదా?” అని ఈశ్వరరావు అందరి ముందూ అరిచాడు. “మధ్యాహ్నానికి తెరుచుకోకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు.”

“నేనేం పీకలేదు సార్. పోయి చూసి చెప్త,” అని ఆమె చేవెళ్ల బస్సెక్కింది.

అక్కడ సర్వరు ముందే కూర్చుని, పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి లాగు చదివింది. కీలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అవి ఉండే ఫోల్డరునే ఎవరైనా మార్చగలిగేలా తెరిచిపెట్టారు. అలాంటి ఫోల్డరులోని కీని సర్వరు నమ్మదు. మా ఆఫీసుకు ఇదొక జబ్బు: ఏ ఫైలు మొరాయించినా “777 కొట్టు” అంటారు, అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేస్తారు. గురువారం సాయంత్రం అలా కొట్టిన సమయానికి, లాగు ప్రకారం, సర్వరులోకి లాగిన్ అయి ఉన్నది ఈశ్వరరావు కంప్యూటరు ఒక్కటే.

హక్కులు సరిచేసి ఆమె ఫోన్ చేసింది. స్పీకరులో అందరం విన్నాం.

“అయిపోయింది సార్. నిన్న మీరే 777 కొట్టిండ్రు, గందుకే ఆగింది. ఇంకోసారి జర చూసి కొట్టుండ్రి.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఈశ్వరరావు ఫోన్ పెట్టేశాడు. ఆయన మొహం చూసి నాకు లోలోపల హాయిగా అనిపించింది, కానీ ఆమె చేసింది సరైనదే అని పైకి ఒక్క మాట అనలేదు.

సోమవారం నీలవేణి వచ్చి కూర్చుంది. అందరం లాగిన్ అయ్యాం, ఆమె కీ మాత్రం పనిచేయలేదు. అరగంట కుస్తీ పట్టి నావైపు తిరిగింది.

“అన్వితా, నీ దాంట్లకెల్లి జర చూస్తవా? నా కీ ఎందుకో తీసుకుంటలేదు.”

శనివారం ఈశ్వరరావు చెప్పగానే, ఎందుకని కూడా అడగకుండా, ఆమె కీ ఉన్న వరుసను తుడిచేసింది నేనే.

“ఏమో, నాకు తెలీదు,” అన్నాను.