ఫ్యాక్షన్ అనే మాటకి నేను చెప్పిన అర్థం

పామర్రులో మా సుధ నిశ్చితార్థం నా వల్లే చెడిపోబోయిందని బంధువులందరూ ఆరేళ్లుగా చెప్పుకుంటున్నారు. నా వైపు కథేమిటని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగరు కూడా. అందుకే నేనే చెబుతున్నాను. ఘోరం జరిగిన మాట నిజం. చేసింది నేనే. కానీ నన్ను అంతదాకా తెచ్చింది మాత్రం ఒక కుర్చీ.

సుధ మా అన్నయ్య కూతురు. అన్నయ్యకీ నాకూ అప్పటికి తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆయన ఫ్లాట్ గృహప్రవేశం రోజు, నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లిన రెండు నిమిషాల్లో కుటుంబమంతా గ్రూప్ ఫొటో దిగింది. దాన్ని తలుపంత ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. అందులో వంటాయన ఉన్నాడు. నేను లేను. మీరైతే మర్చిపోతారా?

"నువ్వు రాకపోతే నేను పీటల మీద కూర్చోను బాబాయ్" అని సుధ ఫోన్లో ఏడిస్తే వెళ్లాను. వెళ్తే నాకిచ్చిన కుర్చీ స్తంభం వెనకాల! పలకరించే దిక్కు లేదు. సరే, నా తెలివితో నేనే పరిచయమవుదామని కుర్చీ లాక్కుని పెళ్లికొడుకు తాతగారి పక్కకి చేరాను. ఆయన నంద్యాల వైపు పెద్దమనిషి. పక్కనే కూలర్ విమానంలా మోగుతోంది. వినపడదని గొంతు చించుకున్నాను.

"మీ వైపు ఫ్యాక్షన్ అంటారు కదండీ, ఆ మాట ఎక్కడిదో తెలుసాండీ?"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కూలర్ ఆగింది, మైకు ఆగింది. నేనాగలేదు.

"లాటిన్ అండీ! రోములో రథాల పందేలకి రంగుల జట్లుండేవి, వాటి పేరు! ఇంగ్లీషులోకొచ్చి ముఠా అయింది. మీ దగ్గరికొచ్చేసరికి నరుక్కోవడం అయింది!"

హాలంతా నన్నే చూసింది. సుధ ముఖం పాలిపోయింది.

"నోర్ముయ్ రా!" అన్నాడు అన్నయ్య. తొమ్మిదేళ్ల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

తాతగారు మాత్రం నెమ్మదిగా అన్నారు. "ఆ మాట మేము పేపర్లోనే సూస్తిమి సార్. మా ఊర్లో 'వాళ్లకూ మాకూ పడదు' అంటాము, అంతే. ఒక పెండ్లిలో మావోళ్లకు ముందర బంతిలో ఇస్తరాకు ఎయ్యలేదని మొదలాయె. ఇద్దరు పోయినారు. మా తమ్ముడొకడు."

నేను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను.

"మీకూ మీ అన్నకూ మాటల్లేవంట గదా. దేనికి సార్?"

అంతమంది ముందు చెప్పాల్సి వచ్చింది. "ఫొటో... నేను లేకుండా దిగారండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఎన్నేండ్లాయె?"

"తొమ్మిదండీ."

"మేము ఏడేండ్లకే రాజీ అయితిమి సార్!"

ఈసారి హాలంతా నవ్వింది. అన్నయ్య కూడా.

"ముందు మీరిద్దరూ పక్కపక్కన నిలబడి ఫొటో దిగండి. తాంబూలాలు ఆ తర్వాత" అన్నారు తాతగారు. దిగాం. అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. అది ఎంత బరువుగా ఉందో, నాకెందుకు కళ్లు చెమర్చాయో ఎవరికీ చెప్పలేదు.

ఇకమీదట ఏ శుభకార్యంలోనూ ఏ మాటకీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పనని, కూలర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

కానీ అన్నయ్యా, మనిద్దరం దిగిన ఆ ఫొటో నాకింకా పంపలేదు. ఆరేళ్లయింది. నంద్యాల వాళ్ల ఏడేళ్ల లెక్కకి ఇంకొక్క ఏడాదే ఉంది. ఎప్పుడు పంపుతావో చెప్పు.