కింది సొరుగులో రెండు రోజులు

ప్లాస్టిక్ కుర్చీలు తయారుచేసే ఆ కంపెనీ ఆఫీసులో కూర్చోడానికి ఒక్క మంచి కుర్చీ ఉండేది కాదు. అమ్మకానికి పనికిరాని వంకర కాళ్లవన్నీ అక్కడికే వచ్చి చేరేవి. అలాంటి ఒక కుర్చీలో, పొట్టికాలి కింద మడతపెట్టిన అట్టముక్క దోపుకుని, ఇరవై ఒక్క ఏళ్లుగా కూర్చున్న మనిషి టపా మేడం. బయటికి వెళ్లే ప్రతి ఉత్తరమూ ఆవిడే టైపు చెయ్యాలి, నంబరు వెయ్యాలి, పంపాలి. కాగితాలు పోయి ఈమెయిళ్లు వచ్చినా ఆ పేరు పోలేదు.

ఆవిడది నిదానమైన చెయ్యి అని ఆఫీసంతా అనేది. ఆవిడ ఎన్నడూ కాదనలేదు. అసలు సంగతి ఆవిడ బల్లకున్న కింది సొరుగులో ఉండేది.

కంపెనీ యజమాని పెద్దసారు మంచివాడే, కాకపోతే రోజుకో రెండు మూడుసార్లు కాదు. వెనకాల అందరూ ఆయన్ని కుక్కర్ అనేవాళ్లు. కూత వేశాడంటే ఓ ఉత్తరం పుట్టేది. తక్షణం మీ ఏజెన్సీ రద్దు. తక్షణం మీ సరుకు వాపసు. తక్షణం అనే మాట లేకుండా కోపం తెచ్చుకోవడం ఆయనకి చేతనయ్యేది కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి ఉత్తరం ఒకటి మేడం గంటలోపలే పంపేసింది. అందుకున్నవాడు ఆ కంపెనీ కుర్చీల్లో మూడోవంతు అమ్మిపెట్టే డీలరు. మర్నాడు పెద్దసారు తనే కారెక్కి వెళ్లి, ఆ డీలరు వరండాలో గంటన్నర నించుని, గడ్డం పట్టుకున్నంత పనిచేసి వచ్చాడు. వచ్చాక ఆవిడ బల్ల దగ్గర ఆగి, "ఇక మీదట ఇలాంటివి పంపేముందు..." అని, మిగతా ముక్క మింగేశాడు. మింగింది ఏమిటో ఆవిడకి అర్థమైంది. ఆ రోజు నుంచీ తక్షణం అనే మాట ఉన్న ప్రతి ఉత్తరమూ కింది సొరుగులో రెండు రోజులు పడుకునేది.

రెండో రోజు మధ్యాహ్నానికి పెద్దసారు ఆ పక్కగా నడుచుకుంటూ వచ్చి దగ్గేవాడు.

"అది వెళ్లిపోయిందా అమ్మా?"

"స్టాంపులు అయిపోయాయండి."

"పోన్లెండి, చించెయ్యండి."

కాలం మారి ఈమెయిళ్లు వచ్చాక స్టాంపుల బదులు సర్వరు పాడవడం మొదలైంది. ఆ ఆఫీసులో సర్వరు మొరాయించినన్నిసార్లు భూమ్మీద ఇంకే సర్వరూ మొరాయించి ఉండదు. పది ఉత్తరాల్లో తొమ్మిది చెత్తబుట్టలోకి పోయేవి. నిజంగా వెళ్లాల్సిన ఆ పదోది మూడో రోజు పొద్దున్నే వెళ్లేది. ఈ ఏర్పాటు గురించి వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా నోరు తెరిచి మాట్లాడుకోలేదు.

రాజీనామాలకీ అదే సొరుగు. కుర్చీల అచ్చులు చూసుకునే మేస్త్రీ ఏడాదికి రెండుసార్లు ఉద్యోగం వదిలేసేవాడు. మర్నాడు టీ గ్లాసు పట్టుకుని వచ్చి, "అక్కా, నా కాగితం..." అని నసిగేవాడు. "ఏ కాగితం?" అనేది మేడం, తలెత్తకుండా. మేస్త్రీకి ఇద్దరు పిల్లలు చదువులకొచ్చారు, ఆ ఉద్యోగంలోనే.

ఇంట్లో ఈ సంగతి తెలిసింది భర్తకి ఒక్కడికే. ఆయన దర్జీ. వీధివైపు గదిలోనే కుట్టు మిషను. "ఇందులో వింతేముంది?" అనేవాడు. "కొలతలిచ్చిన రోజే గుడ్డ కత్తిరిస్తానా నేను? మర్నాడు పరిగెత్తుకొచ్చి కాలరు మార్చమంటారు. అందుకే రెండు రోజులు మడతపెట్టి ఉంచుతా."

"మీరు రెండు వారాలు ఉంచుతారు," అనేది ఆవిడ.

ఇలా సాగిపోతుండగా పెద్దసారు కొడుకు, చిన్నసారు, ఏదో హోటల్లో మూడు రోజుల సదస్సుకి వెళ్లి వచ్చాడు. వెళ్లేటప్పుడు మామూలుగానే ఉన్నాడు. వచ్చేటప్పుడు ఒక సంచీ, ఒక పెన్నూ, ఆటోమేషన్ అనే మాటా పట్టుకొచ్చాడు. సాఫ్ట్‌వేర్ రోబో అట. కాళ్లూ చేతులూ ఉండవు. మనిషి కంప్యూటర్లో ఏ వరసలో ఏ మీట నొక్కుతాడో నేర్చుకుని, అదే వరసలో అలిసిపోకుండా నొక్కుతుందట. అది మన కంపెనీకి సరిపడుతుందో లేదో పరీక్షించి తేల్చడానికి ఒక నిపుణుణ్ణి పిలిపించాడు. సరిపడుతుందని తేలితే ఆ రోబోని అమ్మేదీ ఆ నిపుణుడి కంపెనీయే. కాబట్టి తేల్చడంలో ఆయన పెద్దగా ఇబ్బంది పడే ప్రమాదం లేదు.

నిపుణుడు చేతిలో స్టాప్‌వాచీతో మూడు రోజులు మేడం పక్కనే మరో వంకర కుర్చీలో కూర్చున్నాడు. మొదటిరోజే ఒకసారి పక్కకి ఒరిగిపోయాడు. అట్టముక్క ఎక్కడ దోపుకోవాలో ఆవిడే చూపించింది. ఆయన దగ్గర గళ్లగళ్ల ఫారం ఉంది. టైపు నాలుగు నిమిషాలు. నంబరు ఒక నిమిషం. చిరునామా ఒక నిమిషం. ఆ తర్వాత ఆయన పెన్ను ఆగింది.

"ఈ ఉత్తరం నిన్న పొద్దున టైపు చేశారు. ఇంకా సొరుగులోనే ఉందేం?"

"రేపు మధ్యాహ్నం దాకా ఉంటుందండి."

"ఈ రెండు రోజులూ దానికి ఏం జరుగుతుంది?"

"కోపం దిగుతుందండి."

నిపుణుడు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి గడి లేదు మేడం," అన్నాడు మర్యాదగానే.

"పోనీ కింద ఖాళీలో రాయండి."

"ఖాళీలో రాసింది కంప్యూటరు చదవదండి." కాసేపు ఆలోచించి, కారణం లేని ఆలస్యం, నలభై ఎనిమిది గంటలు, అని ఉన్న గడిలోనే రాసుకున్నాడు.  ఆవిడకి ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదని కాదు. కానీ సొరుగు పోతే ఆ ఉత్తరాలన్నీ ఎక్కడెక్కడికి ఎగిరిపోతాయోనన్న భయం అంతకన్నా పెద్దది.

వారం తర్వాత మీటింగు. ఉత్తరాల పని రోబోకి తొంభై నాలుగు శాతం అనుకూలమని నిపుణుడు గోడమీద రంగుల బొమ్మ వేసి చూపించాడు. నియమాలున్న పని, రోజూ ఒకేరకం పని, ఆలోచన అక్కర్లేని పని. "ఉన్న లోపమల్లా ఒక్కటేనండి. మేడం దగ్గర నలభై ఎనిమిది గంటలు ఊరికే పోతోంది."

అందరూ పెద్దసారు వైపు చూశారు. మేడం కూడా చూసింది. ఆ నలభై ఎనిమిది గంటలేమిటో ఆ గదిలో నిజంగా తెలిసినవాడు ఆయనొక్కడే. ఒక్క మాటంటే చాలు, ఆ గంటలు నావేనయ్యా అని. పెద్దసారు ఫ్యాను వైపు చూశాడు, మంచినీళ్లు తాగాడు, గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆలస్యమంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు," అన్నాడు.

టపా మేడంకి ఒళ్లు మండిపోయింది. పైకి మాత్రం నోట్సు రాసుకుంటున్నట్టు తల వంచుకుంది. కాగితం మీద ఆ మీటింగంతటికీ ఆవిడ రాసింది ఒక గీత.

రోబో వచ్చింది. పెద్దసారు ఫోన్లో మాట్లాడితే చాలు, అదే టైపు చేసి, నంబరు వేసి, చిరునామా వెతికి, ఊపిరి పీల్చేలోగా పంపేసేది. కంప్యూటర్లో టపా ఫోల్డర్లో ఏది పడినా అంతే, జవాబుతో సహా. మేడం పక్కన కూర్చుని చూస్తూ ఉండాలట, పర్యవేక్షణట. ఆపడానికి మీటేదీ లేదు. రైలు వెళ్లిపోతుంటే ప్లాట్‌ఫారం మీద నించుని పర్యవేక్షించినట్టు ఉండేది ఆవిడకి.

మొదటివారం సోమవారం పాత డీలరు ఏజెన్సీ రద్దయింది. బుధవారం ప్లాస్టిక్ గింజలు సరఫరా చేసేవాడితో పదిహేడేళ్ల ఒప్పందం తెగిపోయింది. గురువారం మధ్యాహ్నం పెద్దసారు అలవాటు ప్రకారం బల్ల పక్కకి వచ్చి దగ్గాడు.

"అవి వెళ్లిపోయాయా అమ్మా?"

"వెళ్లిపోయాయండి. ఒక్కోదానికి పదకొండు సెకన్లు."

ఆయన అప్పటికప్పుడే కారెక్కి డీలరు ఇంటికి పరిగెత్తాడు. ఈసారి వరండాలో నించోవడం కుదరలేదు. డీలరు కొడుకు గేటు తీయలేదు. తిరిగొచ్చిన పెద్దసారు నేరుగా అందరి మధ్యకీ వచ్చి, "ఏమ్మా, కళ్లెదురుగా పోతుంటే చూస్తూ కూర్చున్నారా? ఇరవయ్యేళ్ల అనుభవం ఏం చేసుకోను?" అని అరిచాడు. నిపుణుడు అక్కడే ఉన్నాడు. రోబో నియమం ప్రకారమే పంపిందని ఆయన సంతోషంగా ధ్రువీకరించాడు.

మేడం అంతవరకూ ఎవరినీ ఒక్క మాట అనని మనిషి. ఆవేళ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు లైన్లలో తన రాజీనామా తనే టైపు చేసింది. తక్షణం అని కూడా రాసింది, ఆ మాట రాయడంలో ఇంత సుఖముందని అప్పుడే తెలిసింది. ఇరవై ఒక్క ఏళ్ల అలవాటు కొద్దీ దాన్ని టపా ఫోల్డర్లో వేసి, టీ తాగడానికి గేటు బయటికి వెళ్లింది.

లోపలెక్కడో ఒక ధీమా ఉంది. రెండు రోజులు అదక్కడే పడి ఉంటుంది. ఈలోగా మనసు కుదుటపడుతుంది. మేస్త్రీకి లాగే తనకీ ఎవరో ఒకరు, ఏ కాగితం, అంటారు. అలా అనే మనిషి తనేనని, ఆ మనిషిని తీసేశారని, టీ సగం తాగాక గుర్తొచ్చింది. గ్లాసు అక్కడే పెట్టేసి పరిగెత్తింది.

గేటు దగ్గర కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది. చేతిలో ఫోను మోగింది. మీ రాజీనామా ఆమోదించబడినది. మీ ఇరవై ఒక్క సంవత్సరాల సేవలకు కృతజ్ఞతలు. బల్ల తాళంచెవి వాపసు చేయవలెను. మూడు ముక్కలూ ఒకే ఉత్తరంలో, పదకొండు సెకన్లలో. వాచ్‌మన్ తల దించుకుని, ఆవిడ హ్యాండుబ్యాగూ టిఫిను డబ్బా గ్రిల్లు సందులోంచి బయటికి అందించాడు. డబ్బా పట్టలేదు, మూత తీసి విడివిడిగా ఇచ్చాడు. తాళంచెవి మాత్రం ఆవిడ ఇవ్వలేదు.

ఇంటికి వచ్చి మిషను పక్కన ముక్కాలిపీట మీద కూలబడి ఏడ్చింది. భర్త కత్తెర పక్కన పెట్టి, ఏమీ అడక్కుండా మంచినీళ్లిచ్చాడు. సాయంత్రానికి మాత్రం, "ఎంతైనా ఆ రోబో నాకన్నా దారుణం. నేను ఇంతవరకూ ఎవరి చొక్కా పదకొండు సెకన్లలో పాడుచెయ్యలేదు," అన్నాడు. ఆవిడకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆవిడ లేని ఆఫీసులో కుక్కర్ మరో రెండు కూతలు వేసింది. రెండో కూత నిపుణుడి మీదే. తక్షణం మీ కాంట్రాక్టు రద్దు, అన్నాడు పెద్దసారు ఫోన్లో. రోబో తన కన్నతండ్రి మెడపట్టి గెంటే ఉత్తరానికి శ్రద్ధగా నంబరు వేసి, పదకొండు సెకన్లలో పంపేసింది. నిపుణుడి కంపెనీ దాన్ని అంతే శ్రద్ధగా అందుకుని, రోబోని ఆపేసింది. ఇప్పుడు మామూలు ఉత్తరం పంపడం కూడా ఎవరికీ తెలియదు.

నాలుగో రోజు పొద్దున దర్జీ దుకాణం ముందు కారు ఆగింది. పెద్దసారు వేలాడుతున్న సగం కుట్టిన చొక్కాల మధ్యలోంచి తల వంచుకుని లోపలికి వచ్చాడు. దర్జీ స్టూలు చూపించాడు. ఆయన కూర్చోలేదు.

"ఆ రాజీనామా... కోపంలో రాసిందే కదమ్మా?"

"కోపంలోనే సార్."

"ఆవేళ మీటింగులో నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. తప్పు నాదే." అంటూ జేబులోంచి కాగితం తీశాడు. తన చేత్తోనే రాసుకొచ్చాడు, అక్షరాలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. "చదవండి. ఇప్పుడే బయల్దేరదాం. కారు తెచ్చాను."

ఆవిడ చదివింది. తక్షణం విధుల్లో చేరవలసినదిగా కోరడమైనది. మొదటి మాట దగ్గర వేలు ఆగింది. కాగితాన్ని రెండు మడతలు పెట్టి, కుట్టు మిషను సొరుగు లాగి, బొత్తాల డబ్బా కింద పెట్టి మూసేసింది.

పెద్దసారు ఆ సొరుగు వైపే చూస్తూ నించున్నాడు. దగ్గు రాబోయింది, ఆపుకున్నాడు.

"ఎల్లుండి మధ్యాహ్నం ఒకసారి ఇటు రండి సార్," అంది టపా మేడం. "అప్పటికీ మీ మనసు మారకపోతే చూద్దాం."