నాట్ల పాటను పరుగెత్తించిన ఘనుణ్ణి నేనే

పాముకి భయపడేవాళ్ళుంటారు, పరీక్షలకి భయపడేవాళ్ళుంటారు. చేతిలో నారు కట్ట పట్టుకున్న ఆడవాళ్ళని చూస్తే ఈనాటికీ కాళ్ళు వణికే మగవాణ్ణి మాత్రం మా జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఎందుకో చెబుతాను. నవ్వుకోండి, కాదనను. ఆ రోజు నా గుండె ఏ బురదలోకి జారిందో ఒక్క క్షణం ఊహించుకుని మరీ నవ్వుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివేవాణ్ణి. ఒకే జానపద పాట ఊరు మారితే బాణీ ఎలా మారుతుందో చూసి రాయమని మా లెక్చరర్ గారు ప్రాజెక్టు ఇచ్చారు. నల్లజర్ల వైపు ఒక నాట్ల పాట రికార్డు చేశాను. ఎద్దుబండి నడకలా తాపీగా ఉంది. అదే పాట కొల్లేటి పక్క ఎలా పాడతారో చూద్దామని వానాకాలం సార్వా పంట నాట్లప్పుడు భీమడోలు రైలెక్కాను. దారంతా టేపురికార్డర్‌లో సినిమా పాటలు విని, అందులోని బ్యాటరీ సెల్లుల ప్రాణం సగం నేనే తీశాను.

సుబ్బారావుగారనే రైతు నాకు భోజనం పెట్టి, తన చేను చూపించారు. నాట్లేసే పద్దెనిమిది మంది ఆడవాళ్ళ ముఠాకి మంగమ్మగారు పెద్ద. ముందు వరసలో ఉండి ఆవిడ ఒక చరణం అందిస్తే మిగతావాళ్ళు అందుకుంటారు. పాట ఎలా నడిస్తే చేతులు అలా నడుస్తాయి. బుద్ధిగా రికార్డు చేసుకుని ఇంటికొచ్చాను.

ఇంట్లో కరెంటు మీద పెట్టి వింటే ఏముంది, పాట కోడిపిల్లల వెనక కుక్క పడ్డట్టు పరుగెడుతోంది. బుర్రున్నవాడైతే అనుమానపడేవాడు. నేను సిద్ధాంతం చేశాను. కొల్లేటి నీరు ఎప్పుడు చేల మీదికొస్తుందో తెలియదు కనుక ఇక్కడివాళ్ళు తొందరగా నాటుతారనీ, నోటి నుంచి నోటికి పాకుతూ తరతరాలుగా బాణీ వేగం పుంజుకుందనీ పన్నెండు పేజీలు రాసేశాను. లెక్చరర్ గారు "భేష్" అన్నారు. ఆ ఊపులో భోజనం రుణం తీర్చుకుందామని కేసెట్ కాపీ ఒకటి సుబ్బారావుగారికి పంపాను.

రెండో పంట దాళ్వా నాట్లకి మళ్ళీ వెళ్ళాను. గట్టు మీద ట్రాక్టరు, దానికి స్పీకరు, అందులో నా కేసెట్.

"రండి రండి. మీ పుణ్యమా అని ఈసారి నాట్లు ఎక్స్‌ప్రెస్సు బండిలా నడుస్తున్నాయండి," అన్నారు సుబ్బారావుగారు.

చేలో చూస్తే అందరూ రొప్పుతున్నారు. మంగమ్మగారు వరసలో అందరికన్నా వెనకబడి ఉంది.

"ఆవిడకి ఒంట్లో బాగోలేదా అండీ?"

"బాగానే ఉందండి. సార్వాలో ఇంత జోరుగా పాడిన మనిషి, ఇప్పుడేమో నడుం నొప్పంటోంది. మిషను అబద్ధం చెప్పదు కదండీ. రేపట్నుంచి ముందు వరసకి వేరే ఆవిణ్ణి పెడతానని చెప్పేశాను."

మంగమ్మగారు చేలోంచే అంది. "పాతికేళ్ళ నుంచి ముందు నేనే ఉన్నానండి. అంత జోరుగా ఎప్పుడు పాడేనో నాకే తెలవడం లేదు."

సరిగ్గా అప్పుడే పాట అయిపోయి, స్పీకరులోంచి ఐదేళ్ళ ఆడపిల్ల గొంతు వినిపించింది. "ఏవండీ మంగమ్మగారూ, ఇంకోసారి పాడతారాండీ?"

అది నేను. నా గొంతు నేను వినలేక, ఇంట్లో ఎప్పుడూ అక్కడికి రాకముందే ఆపేసేవాణ్ణి. ఇప్పుడు అర్థమైంది. నీరసపడ్డ సెల్లులతో రికార్డు చేస్తున్నప్పుడు టేపు నత్తనడక నడిచింది. మంచి కరెంటు తగలగానే పరుగందుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. సెల్లు మంచిది కాకపోతే ఊరంతా కలిసి తంతుందని అప్పుడు తోచింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారన్నది కూడా అబద్ధమే. నేను తీసిన గోతిలో పద్దెనిమిది మంది పడి, వంగి నాట్లేస్తున్నారు.

నిజం చెబుతున్నాను, ముందు పారిపోదామనే అనుకున్నాను. నోరు మూసుకుని మూడు గంటల రైలెక్కేస్తే నేను బతికిపోతాను. మంగమ్మగారికి మాత్రం ముందు వరస పోతుంది. కళ్ళు మూసుకుని ఉన్నదంతా చెప్పేశాను.

సుబ్బారావుగారు టేపు ఆపేశారు. "అయితే ఇది మంగమ్మ పాట కాదంటారా?"

"పాట ఆవిడదేనండి. తొందర నాది."

మంగమ్మగారు నారు కట్టతో గట్టెక్కింది. వెనకాల పదిహేడు మంది. నేను ట్రాక్టరు చక్రానికి అతుక్కుపోయాను.

"మా అత్త పాడినట్టు నేను పాడలేదు బాబూ. నేను పాడినట్టు నా కోడలు పాడదు. నోరు మారితే పాట మారుద్ది. నడుం మాత్రం అందరికీ ఒకటే గదా. అది ఓర్చుకునేంత మెల్లగానే పాడతాం."

"ఆయ్," అన్నాను. "ఇంక నే వెళ్ళనా అండీ?"

"అప్పుడేనా? పేంటు మడుచుకో."

"ఎందుకండీ?"

"నీ పాటకి నువ్వు నాటి చూపించు. సుబ్బారావుగారండీ, మళ్ళీ పెట్టండి."

ఆయన పెట్టేశారు. మొదటి చరణానికి చెమట పట్టింది, రెండోదానికి చుక్కలు కనబడ్డాయి, మూడోదానికి బురదలో చతికిలబడ్డాను. నేను నాటిన నారంతా నా కళ్ళ ముందే నీళ్ళ మీద తేలుతోంది.

"ఇదంతా మళ్ళీ నాటాలా?" అన్నారు సుబ్బారావుగారు, నవ్వాలో ఏడవాలో తెలియక.

"నాటతాం లెండి, మా పాటకి," అని మంగమ్మగారు వెళ్ళి ముందు వరసలో నిలబడింది. ఆయన కేసెట్ తీసి జేబులో పెట్టుకున్నారు. పాట తాపీగా మొదలైంది. చిన్నవాళ్ళిద్దరు మాత్రం చరణం చివర కేసెట్‌లోలాగే గొంతు పైకి లేపారు. మంగమ్మగారు వెనక్కి తిరిగి చూసింది గానీ, వద్దనలేదు.

పంచభూతాల సాక్షిగా నేనొక ప్రమాణం చేశాను. ముందు నడుం వంచి చూడకుండా ఏ పాట మీదా ఒక్క ముక్క సిద్ధాంతం రాయను. ప్రమాణం నిటారుగా నిలబడి చేయాలంటారు. ఆ వారమంతా నాకది కుదరలేదు.