రెండు ఫట్‌ఫటీల మధ్య సలాం

మా అన్న వనపర్తి సంస్థానంలో చెరువుల ఓవర్సీరు. కట్టలు చూసి రావడానికి ఆయనకొక మోటారు సైకిలు ఇచ్చారు. పక్కన ఒక మనిషి కూర్చునే తొట్టి కూడా ఉండేది. ఊళ్ళో దాన్ని ఫట్‌ఫటి అనేవారు. నేను హైదరాబాదులో కాలేజీ చదువు ముగించి నాగర్‌కర్నూల్ ఆడపిల్లల బడిలో పంతులమ్మనయ్యాను. ఆ రోజుల్లో బడికి శుక్రవారం సెలవు. గురువారం సాయంత్రం అన్న నన్ను వనపర్తిలోని ఇంటికి తెచ్చేవాడు, శనివారం పొద్దున్నే మళ్ళీ దింపేవాడు.

ఆ దారిలో ఇంకొక్క ఫట్‌ఫటే తిరిగేది, నాగర్‌కర్నూల్ ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు సాయిబుది. ఎదురైనప్పుడల్లా ఇద్దరూ చెయ్యెత్తేవారు. ఆగింది లేదు, మాట్లాడింది లేదు.

"ఏంది మీ ఇద్దరి ముచ్చట? చుట్టాలా?" అని ఒకసారి అడిగాను.

"ఈ బాట మీద గొలుసు తెగినా, టైరు పగిలినా ఎవడొస్తడే? ఆయనకు నేను, నాకు ఆయన. గంతే."

"చెయ్యి ఊపితే టైరు అతుక్కుంటదా?"

"నీ నోటికి అతుకేస్తే చాలు," అన్నాడు అన్న.

సాయిబు మర్యాదస్తుడు. అన్నకు చెయ్యెత్తి, నా వైపు కూడా ఒకసారి తల వంచేవాడు. అందులో తప్పేమీ లేదని నాకూ తెలుసు. కానీ బడిలో ఒక పిల్ల తల్లి, "ఇన్‌స్పెక్టరు బాట మీద మీకు సలాం కొడతడట గద, పంతులమ్మా," అని పళ్ళన్నీ బయటపెట్టి అడిగింది. నా నౌకరి పిల్లల తల్లుల నోళ్ళ మీద ఆధారపడినది. అందుకే ఒకరోజు మేం పెట్రోలు డబ్బా కోసం ఆగిన చోట సాయిబు కనిపించగానే, నలుగురూ వినేలా అన్నాను.

"మీ సలాం మా అన్నకు. నా దిక్కు చూసేదేముంది? చూపు బాట మీద పెట్టుండ్రి."

ఆయన ముఖం ఎర్రబడింది. "గలతీ అయింది, పంతులమ్మా. ఇగ చూడ," అన్నాడు.

దారంతా అన్న నన్ను తిడుతూనే ఉన్నాడు. "గాయన సలాం చేసిండా, తుపాకి చూపిండా?" నేనూ ఊరుకోలేదు. ఎవరి పరువు వాళ్ళే కాపాడుకోవాలన్నాను. ఆనాటి నుంచి మా బండి ఎదురైతే సాయిబు చెయ్యెత్తేవాడు, ముఖం మాత్రం జొన్నచేను వైపు తిప్పుకునేవాడు. నేను గెలిచాననుకున్నాను.

ఆ ఎండాకాలం ఒక శనివారం, గోపాల్‌పేట దాటాక అన్న బండి ఆపాడు. "జర ఆగు," అని దిగి, రొమ్ము పట్టుకుని బాట కింద వేపచెట్టు నీడకు పోయి పడుకున్నాడు. చెమటతో అంగీ తడిసిపోయింది. నాకు బండి నడపరాదు. బాట మీద బండి పక్కన నిలబడ్డాను. ముందూ వెనకా మనిషి జాడ లేదు.

అంతలో నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఫట్‌ఫటి చప్పుడు వినిపించింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. రెండు చేతులూ ఎత్తి ఊపాను. సాయిబు దగ్గరికి వచ్చాడు. ఎడమచెయ్యి ఎత్తాడు, ముఖం చేను వైపు తిప్పాడు, అలాగే వెళ్ళిపోయాడు. వెనక నుంచి అరిచాను. నా అరుపు ఇంజను చప్పుడును దాటలేదు.

చాలాసేపటికి కట్టెల బండి ఒకటి వచ్చింది. వనపర్తి దవాఖాన చేరేలోపే అన్న పోయాడు. ముందే తెస్తే బతికేవాడా అని డాక్టరును నిలదీశాను. "చెప్పలేనమ్మా," అన్నాడు. అవుననో కాదనో అనివుంటే వాదించేదాన్ని.

దినాలు అయ్యాక సాయిబు వచ్చాడు. ఫట్‌ఫటి చప్పుడు వదిన వినకూడదని బండిని సందు చివరే వదిలి నడిచి వచ్చాడు. వదిన తలుపు చాటున కూర్చుంది. నేను ఆయనను కూర్చోమని కూడా అనలేదు.

"ఆ దినం బాట మీద మమ్ముల చూడలేదా?"

"వస్త వస్త దూరంకెళ్లే బండి చూసిన. మీరు నిలబడ్డది చూసిన. ఓవర్సీరు సాబు పనిమీద పక్కకు పోయిండనుకున్న."

"చేతులు ఊపిన గద."

"అది చూడలే. ముఖం తిప్పుకున్న."

"ఎందుకు తిప్పుకున్నరు?"

అడిగాకే నాకు తెలిసింది ఏం అడిగానో. ఆయన నా వైపు చూడలేదు, నేల వైపే చూస్తున్నాడు. మీరే చెప్పిండ్రు గద అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను దానికోసమే ఎదురుచూశాను, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నాదే తప్పు," అన్నాడు ఆయన. వదినకు వినబడేలా అన్నాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత ఆయనకు గద్వాల వైపు బదిలీ అయిందని విన్నాను. ఇన్నేళ్ళయినా వదిన ఆయనను తిట్టని పండుగ లేదు. "మనిషి పాణం పోతుంటే ముఖం తిప్పుకొని పోయిండు, వాని చెయ్యి ఇరగ," అంటుంది. లోకంలో ప్రతిదానికీ ఎదురు చెప్పే నేను, ఆమె పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఊఁ కొడతాను.